పెళ్లి సీడీ పాడయ్యాక తెలిసింది: ఇంటి బ్యాకప్‌కి డిస్కులు ఎలా ఎంచుకోవాలి, ఎలా దాచాలి

మా అక్క పెళ్లి 2003లో జరిగింది. స్టూడియో వాళ్లు రెండు సీడీలు ఇచ్చారు. ఒక్కో దాని మీద గుండ్రటి రంగు స్టిక్కరు, స్టిక్కరు మీద పెళ్లికొడుకు పెళ్లికూతుళ్ల బొమ్మ. చూడ్డానికి ముచ్చటగా ఉండేవి. పదిహేనేళ్లు బీరువాలో పట్టుచీరల మధ్య ఉన్నాయి. ఒకరోజు విజయనగరం నుంచి అక్క ఫోన్ చేసింది: "ఒరే, మా పెళ్లి సీడీ ఆడడం లేదురా, ఏటయిందో చూడు."

తెప్పించి ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకుని చూశాను. వెండి పొర నిండా సూది మొనంత చిల్లులు, అమావాస్య ఆకాశంలో చుక్కల్లా. స్టిక్కరు ఒక అంచున ముడుచుకుని లేచింది. లేస్తూ లేస్తూ తనతో పాటు గోరంత వెండి రేకు కూడా ఊడదీసుకొచ్చింది. మొదటి సీడీ జీలకర్ర బెల్లం దాకా ఆడింది. తాళి కట్టే ఘట్టం రెండో దాంట్లో ఉంది, అది అసలు తెరుచుకోలేదు.

తప్పు సీడీది కాదు. తేమ ఉండే ఊళ్లో, ఎలాంటి సీడీయో చూడకుండా, మీద జిగురు కాగితం అతికించి, రెండో కాపీ లేకుండా దాచడం తప్పు. అప్పటి నుంచి ఫొటోలు, వీడియోలు, పొలం కాగితాల స్కాన్లు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ డీవీడీ, బ్లూరే లాంటి డిస్కుల్లో పెడుతున్నాను. కొన్ని చెడగొట్టుకున్నాను కూడా. ఏది కొనాలో, ఎలా రాయాలో, ఎక్కడ పెట్టాలో వరసగా చెబుతాను.

అసలు డిస్కెందుకు?

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర షాపులో డీవీడీలు అడిగితే కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు. "ఇంకా ఎవరు కొంటున్నారు సార్? పెన్‌డ్రైవ్ తీసుకోండి, గొడవుండదు." రోజువారీ పనికి అతను చెప్పిందే సరి. కానీ పెన్‌డ్రైవ్‌లో సమాచారం విద్యుదావేశం రూపంలో నిలుస్తుంది. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడేస్తే ఆ ఆవేశం మెల్లగా జారిపోతుంది. హార్డ్ డిస్కులో తిరిగే భాగాలుంటాయి, కింద పడితే అంతే. ఒక్కసారి రాసే డిస్కుకి ఈ రెండు బాధలూ లేవు. దాని మీద ఉన్నదాన్ని వైరస్ చెరపలేదు, మనం పొరపాటున డిలీట్ చేయలేం.

మా సోంపేట వైపు వాళ్లకి ఇంకో కారణం కూడా ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. మా ఊరి ఇంటి పెంకులు లేచిపోయి కంప్యూటర్ రాత్రంతా తడిసింది. అందులోని హార్డ్ డిస్కు మళ్లీ తిరగలేదు. బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టిన డీవీడీల్లోకీ నీళ్లు చేరాయి గానీ, మంచినీళ్లతో కడిగి, పాత నూలు పంచె ముక్కతో అద్ది ఆరబెడితే అన్నీ చదివాయి. డిస్కులో కాలిపోవడానికి సర్క్యూట్ లేదు కదా.

అలాగని డిస్కొక్కటే చాలదు. ఒక కాపీ హార్డ్ డిస్కులో, రెండు కాపీలు డిస్కుల్లో, ఆ రెంటిలో ఒకటి వేరే ఊళ్లో. నేను పాటించేది ఇది.

మొదట లెక్క తీయండి

కొనడానికి వెళ్లే ముందు ఎంత దాచాలో చూసుకోండి. ఫోన్‌లో ఉన్న 200 జీబీ అంతా దాచాల్సిన పని లేదు. వాట్సాప్‌లో వచ్చిన గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఒకే పోజులో పదకొండు ఫొటోలు తీసేస్తే సగానికి పైగా తగ్గుతుంది. మా ఇంట్లో ఈ ఏరివేతకి రెండు ఆదివారాలు పట్టింది. మొత్తం పనిలో విసుగు పుట్టించేది ఇదే. చేయక తప్పనిదీ ఇదే.

మిగిలినదాన్ని రెండు కుప్పలు చేయండి. పోతే మళ్లీ రానివి ఒక కుప్ప: పెళ్లి, పోయిన పెద్దవాళ్ల ఫొటోలు, గొంతు రికార్డింగులు, దస్తావేజుల స్కాన్లు. పోతే బాధే గానీ బతకొచ్చు అనిపించేవి రెండో కుప్ప. మొదటి కుప్ప సాధారణంగా 20, 30 జీబీ మించదు. ఖరీదైన డిస్కు దానికి మాత్రమే కొంటే చాలు.

ఏ రకం డిస్కు?

సీడీలో 700 ఎంబీ పడుతుంది. డీవీడీలో 4.7 జీబీ అని రాస్తారు, కంప్యూటర్ లెక్కలో 4.37 చూపిస్తుంది. బ్లూరే అంటే డీవీడీలాగే కనిపించే, ఇంకా ఎక్కువ పట్టే డిస్కు: మామూలుది 25 జీబీ, రెండు పొరలది 50, ఎక్స్ఎల్ రకం 100 జీబీ.

సీడీ వద్దు. సీడీలో సమాచారం ఉండే పొర పైన, లేబుల్ వైపు పలచటి లక్క పూత కింద ఉంటుంది. మనం కింది వైపు గీతలు పడకుండా జాగ్రత్త పడతాం గానీ, నిజంగా నాజూకైనది పై వైపు. అక్క సీడీకి జరిగింది అదే. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య శాండ్‌విచ్‌లా ఉంటుంది కాబట్టి కొంత నయం. బ్లూరేలో సమాచారం కింది వైపు 0.1 మిల్లీమీటర్ల పొర కిందే ఉంటుంది, కానీ దాని మీద గట్టి పూత వేస్తారు. మామూలు వాడకంలో గీతలు తొందరగా పడవు.

తిరగరాయగలిగే ఆర్‌డబ్ల్యూ డిస్కులు దాచుకోవడానికి పనికిరావు. రెండు పొరల డీవీడీ కూడా నేను వాడను, రాసేటప్పుడు పొర మారే చోట ఇబ్బంది పెడుతుంది. ఒక్కసారి రాసే డీవీడీల్లో ప్లస్ ఆర్, మైనస్ ఆర్ అని రెండు రకాలుంటాయి, ఏది మంచిదని వాదించుకునే వాళ్లుంటారు. కంప్యూటర్ బ్యాకప్‌కి రెండూ ఒకటే, మంచి కంపెనీది ఏది దొరికితే అది తీసుకోండి.

లోపలి పొర: అసలు సంగతి ఇక్కడుంది

కొనే వాళ్లలో చాలామంది దీని గురించి అడగరు. అమ్మే వాళ్లూ చెప్పరు.

మామూలు సీడీ, డీవీడీల్లో లేజరు మార్చేది ఒక రంగు పొరని, అంటే సేంద్రియ రంగుని. చీర రంగు ఎండకి వెలిసినట్టే ఇదీ వెలుగుకి, వేడికి, తేమకి వెలుస్తుంది. రంగుల్లోనూ తేడాలున్నాయి. పాత సీడీల్లో వాడిన సయనిన్ తొందరగా పాడయ్యేది. థాలోసయనిన్, ఎజో రకాలు ఎక్కువ కాలం నిలుస్తాయి. డీవీడీలకి ఎజో పేరున్న రంగు. వర్బాటిమ్ కంపెనీ డబ్బాల మీద ఎజో అని ప్రత్యేకంగా రాస్తారు.

బ్లూరేలో కథ వేరు. ఎక్కువ బ్లూరేల్లో సేంద్రియ రంగుండదు, లోహాలతో చేసిన పొర ఉంటుంది. దీన్ని హెచ్‌టీఎల్ అంటారు. వెలుగుకి ఇది వెలవదు. కానీ చవగ్గా చేయడానికి పాత రంగు పద్ధతిలోనే తీసిన బ్లూరేలు కూడా ఉన్నాయి, వాటిని ఎల్‌టీహెచ్ అంటారు. డబ్బా మీద "ఎల్‌టీహెచ్ టైప్" అని ఉంటే పది రూపాయలు తక్కువైనా వదిలేయండి. బ్లూరే డబ్బు పెట్టి డీవీడీ ఆయుష్షు కొనుక్కున్నట్టవుతుంది.

ఇక ఎం-డిస్క్. మిల్లెనియాటా అనే అమెరికా కంపెనీ తెచ్చింది, రాతిలాంటి పొరలో లేజరుతో చెక్కినట్టు రాస్తుందని, వెయ్యేళ్లు ఉంటుందని ప్రచారం చేశారు. ఆ కంపెనీ 2016లో దివాలా తీసింది. డిస్కులు మాత్రం ఇతర కంపెనీలు చేస్తూనే ఉన్నాయి. వెయ్యేళ్లు నిలిచినవి చూడాలంటే మనకి ముఖలింగం గుడి ఉంది. డిస్కు అన్నాళ్లు ఉన్నా చదివే డ్రైవ్ ఉండదు. నాకు ముప్ఫై, నలభై ఏళ్లు చాలు, మా పిల్లల చేతికి అందితే అదే పదివేలు. ఆ మాత్రానికి మొదటి కుప్పకి ఎం-డిస్క్ కొనడం దండగ కాదు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఎం-డిస్క్ డీవీడీ రాయడానికి దానికి సరిపడే డ్రైవ్ కావాలి, చదవడానికి ఏ డ్రైవైనా చాలు. ఎం-డిస్క్ బ్లూరేని మామూలు బ్లూరే రైటర్లు రాస్తాయి. 100 జీబీది అయితే ఎక్స్ఎల్ రాయగల రైటర్ కావాలి.

జీబీకి ఎంత పడుతుందో చూడండి

డిస్కు ధర కాదు, జీబీ ధర చూడాలి. ధరలు రోజూ మారతాయి కాబట్టి ఊరికే లెక్క కోసం చెబుతున్నాను. డీవీడీ 25 రూపాయలు అనుకుందాం. అంచు దాకా నింపకుండా 4 జీబీ రాస్తే జీబీకి ఆరు రూపాయల పావలా. బ్లూరే 150 అనుకుని 22 జీబీ రాస్తే జీబీకి ఏడు రూపాయల లోపే. చూశారా, పెద్ద తేడా లేదు. అదే 200 జీబీకి డీవీడీలు 50 కావాలి, రెండు కాపీలకి 100. బ్లూరేలు ఒక కాపీకి 10 చాలు. వంద డీవీడీలు కూర్చుని రాసే ఓపిక ఎవరికుంది?

నా సలహా: దాచేది మొత్తం 30 జీబీ లోపు అయితే, ఇంట్లో డీవీడీ రైటర్ ఉంటే, మంచి ఎజో డీవీడీలతో సరిపెట్టుకోండి. అంతకు మించితే బ్లూరే రైటర్ ఒకసారి కొనేయండి.

ఇందులో కొంచెం తొందరా ఉంది. పానాసోనిక్ 2023లో రాసుకునే బ్లూరేల తయారీ ఆపేసింది. 2025 ఫిబ్రవరిలో సోనీ కూడా ఆపేసింది. వర్బాటిమ్ లాంటివి ఇంకా వస్తున్నాయి. డిస్కులు వందలకొద్దీ కొని నిల్వ పెట్టకండి, రాయని డిస్కు కూడా ముసలిదవుతుంది. తయారీదారుల లెక్కలో దాని ఆయుష్షు 5 నుంచి 10 ఏళ్లే. కొనాల్సింది డ్రైవ్. వీలైతే రెండు. నా అనుభవంలో డిస్కు కంటే ముందు డ్రైవే మూల పడుతుంది.

కొనేటప్పుడు

శ్రీకాకుళం, విజయనగరం షాపుల్లో ఇప్పుడు దొరికేది చాలావరకు పాత సరుకు. మోజర్ బేర్ పేరు మనందరికీ తెలుసు, సినిమా డీవీడీలు చవగ్గా ఇచ్చిన కంపెనీ. 2018లో దాన్ని లిక్విడేషన్‌కి, అంటే ఆస్తులమ్మి మూసేయడానికి పంపారు. ఆ పేరుతో డబ్బా కనిపిస్తే జ్ఞాపకాల కోసం కొనుక్కోండి, బ్యాకప్ కోసం వద్దు. కిటికీ పక్కన ఎండలో వెలిసిన డబ్బాలో ఉన్నవీ వద్దు.

ఒకేసారి పెద్ద డబ్బా కొనకండి. ముందు ఐదో పదో ఉన్న చిన్న ప్యాకు తీసుకోండి. ఇంటికి తెచ్చి ఒక ఖాళీ డిస్కుని డ్రైవ్‌లో పెట్టి ఐఎంజీ బర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరవండి. కుడి వైపు వివరాల్లో డిస్కు తయారీ కోడ్ కనిపిస్తుంది. డబ్బా మీద పేరు ఎవరిదైనా, డిస్కు ఏ ఫ్యాక్టరీ పద్ధతిలో పుట్టిందో ఈ కోడ్ చెబుతుంది. వర్బాటిమ్ 16ఎక్స్ (ఎక్స్ అంటే రాసే వేగం) డీవీడీ మైనస్ ఆర్ అయితే "ఎంసీసీ 03ఆర్‌జీ20", ప్లస్ ఆర్ అయితే "ఎంసీసీ 004" అని వస్తే అది ఎజో రకమే. "టీవైజీ03" వస్తే తైయో యుడెన్ పద్ధతి. సీడీ-ఆర్‌ని 1988లో తెచ్చిన జపాన్ కంపెనీ అది, 2015 ఆఖరుకి ఈ వ్యాపారం మానేసింది. "సీఎంసీ మ్యాగ్ ఏఎం3", "రైటెక్ ఎఫ్1" లాంటివి వస్తే మామూలు రకం అన్నమాట. పనికిరావని కాదు, మొదటి కుప్పకి వాడను.

కోడ్ చూసి నచ్చితే, ఒక డిస్కు రాసి పరీక్షించి, అప్పుడు అదే షాపులో అదే రకం మిగిలినవి తీసుకోండి.

రాయడం

కరెంటు సంగతి ముందు. రాస్తుండగా కరెంటు పోతే ఆ డిస్కు టీ గ్లాసు కింద పెట్టుకోవడానికే. వేసవి మధ్యాహ్నాలు, గాలివాన రోజులు వదిలేయండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండా పెట్టండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ తప్పనిసరి. బయట తగిలించే రైటర్‌ని యూఎస్‌బీ హబ్‌కి కాకుండా కంప్యూటర్‌కే నేరుగా తగిలించండి. వాటికి కరెంటు చాలకపోతే మధ్యలో ఎర్రర్ ఇస్తాయి, మనం డిస్కుని తిట్టుకుంటాం.

ఫైళ్లని ముందు ఒక ఫోల్డర్‌లో సర్దుకోండి. సంవత్సరం, సందర్భం పేరుతో. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ చేయొద్దు, పదేళ్ల తర్వాత ఆ పాస్‌వర్డ్ మీకే గుర్తుండదు. సెవెన్‌జిప్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఫైళ్లన్నిటికీ ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క తీసి, ఆ చిట్టా కూడా అదే డిస్కులో పెట్టండి. రేపు ఫైలు మారిందో లేదో చెప్పే వేలిముద్ర లాంటిది అది.

డిస్కు పూర్తిగా నింపకండి. రాత లోపలి నుంచి బయటికి సాగుతుంది, తేమ, పొరలు విడిపోవడం లాంటివి సాధారణంగా బయటి అంచున మొదలవుతాయి. అందుకే డీవీడీలో 4 జీబీ, బ్లూరేలో 22 జీబీ దగ్గర ఆపుతాను. ఓపిక ఉన్నవాళ్లకి డీవీడీజాస్టర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. డిస్కులో మిగిలిన ఖాళీలో దిద్దుబాటు సమాచారం నింపుతుంది, తర్వాత కొంత భాగం చదవకపోయినా ఆ సమాచారంతో తిరిగి కట్టొచ్చు. దీనికోసం మరికొంత, డిస్కులో ఐదో వంతు వరకు, ఖాళీ వదలాలి. మొదటి కుప్పకి ఇది చేస్తాను, రెండో కుప్పకి చేయను.

విండోస్‌లో ఖాళీ డిస్కు పెట్టగానే ఎలా వాడతారని అడుగుతుంది. పెన్‌డ్రైవ్‌లా వాడతాం అనేది ఎంచుకోవద్దు, సీడీ డీవీడీ ప్లేయర్‌తో అనేది ఎంచుకోండి. ఐఎంజీ బర్న్ వాడితే ఈ ప్రశ్నే రాదు. లినక్స్ వాళ్లకి కే3బీ ఉంది.

వేగం మధ్యస్తంగా పెట్టండి. 16ఎక్స్ డీవీడీని 8ఎక్స్‌లో, 6ఎక్స్ బ్లూరేని 4ఎక్స్‌లో. మరీ తక్కువ వేగం మంచిదని కొందరంటారు, అది పాత సీడీల కాలం మాట. ఇప్పటి డిస్కులు ఆ వేగాలకి తయారు చేసినవి కావు. 4ఎక్స్‌లో నిండు బ్లూరే రాయడానికి 23 నిమిషాలు, సరిచూడ్డానికి దాదాపు మళ్లీ అంతే. సరిచూడటం అంటే వెరిఫై అనే గడి. దాని టిక్కు తీయకండి. రాయడం బాగానే అయిందని చూపించి, వెరిఫైలో తప్పిన డిస్కులు నాకే నాలుగైదు తగిలాయి.

పేరు రాయడం, దాచడం

స్టిక్కరు వద్దు. మళ్లీ చెబుతున్నాను, స్టిక్కరు వద్దే వద్దు. బాల్‌పెన్ కూడా వద్దు, మొన గుచ్చుకుంటుంది. నీళ్ల ఇంకుతో వచ్చే డిస్కు మార్కర్ తీసుకుని, నడి బెజ్జం చుట్టూ ఉండే పారదర్శకమైన వలయం మీద నంబరు మాత్రం రాయండి: "2024-03 ఏ" లాంటిది. వివరాలన్నీ ఒక నోటుబుక్కులో, ఒక కాపీ ఫోన్‌లో. వలయం మీద సమాచారం ఉండదు, ఇంకు దిగినా భయం లేదు.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ చాలా ఏళ్లు దాచే డిస్కులకి సిఫార్సు చేసింది 18 డిగ్రీలు, 40 శాతం తేమ. శ్రావణంలో కళింగపట్నం గాలి తెలిసినవాళ్లకి ఇది నవ్వు తెప్పించే మాట. ఏసీ గది నిర్మించలేం గానీ, దగ్గరికి వెళ్లడానికి చేయాల్సినవి ఉన్నాయి.

పలచటి ప్లాస్టిక్ కవర్లు మానేయండి. వానాకాలంలో అవి డిస్కుకి అతుక్కుపోతాయి, వాటి అచ్చు పొగమచ్చలా మిగులుతుంది. గట్టి పెట్టెలు, అంటే నడుమ బొడిపె పట్టుకుని డిస్కుని గాల్లో నిలిపేవి కొనండి. వాటిని పుస్తకాల్లా నిలువుగా, మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో పెట్టండి. అడుగున తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే తేమ నిండినట్టు, వంటకి వాడని పాత మూకుడులో సన్నసెగన వేడి చేస్తే మళ్లీ నీలమవుతాయి. గింజలు పిల్లలకి అందకుండా చూసుకోండి.

డబ్బా ఎక్కడ? అటక మీద వద్దు, రేకుల గదిలో వద్దు. ఎండాకాలంలో అక్కడ చేత్తో ముట్టుకోలేనంత వేడి. నేల మీదా వద్దు. నాగావళి పొంగినప్పుడు ఒడ్డునున్న వీధుల్లో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో పెద్దవాళ్లు చెబుతారు. లోపలి గదిలో బీరువా మధ్య అర సరైన చోటు. అయితే ఆ బీరువాలో కలరా ఉండలు ఉండకూడదు, వాటి ఆవిరి ప్లాస్టిక్ పెట్టెలకి మంచిది కాదు. అక్క సీడీలు పట్టుచీరల మధ్య ఉండేవన్నాను కదా. చీరలకి మంచిదైన చోటు డిస్కులకి మంచిది కానక్కర్లేదు. ఫ్రిజ్‌లో పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, బయటికి తీయగానే చెమట పడుతుంది, వద్దు.

మురికి పడితే మెత్తటి నూలు గుడ్డతో నడుమ నుంచి అంచుకి తిన్నగా తుడవండి. గుండ్రంగా తిప్పి తుడిస్తే పడే గీత రాత వెంబడే సాగి డ్రైవ్‌కి చదవడం కష్టమవుతుంది. అడ్డంగా పడిన చిన్న గీతని అది సర్దుకోగలదు.

ఏడాదికొకసారి

మేం సంక్రాంతికి చూస్తాం. అప్పటికి వానలు తగ్గి గాలి పొడిగా ఉంటుంది, అక్కావాళ్లు ఎలాగూ విజయనగరం నుంచి వస్తారు, రెండో కాపీ డబ్బా కారులో తెస్తారు. భోగి మధ్యాహ్నం ఒక్కో డబ్బా నుంచి మూడు నాలుగు డిస్కులు తీసి ట్యూబ్‌లైటుకి పట్టి చూస్తాను. చిల్లులు, అంచున గోధుమ రంగు, పొగచూరినట్టు మచ్చలు ఉన్నాయా అని. తర్వాత డ్రైవ్‌లో పెట్టి మొత్తం హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, వేలిముద్ర చిట్టాతో సరిచూస్తాను. ఒక్క ఫైలు తప్పినా, లేదా నిరుడు ఇరవై నిమిషాల్లో వచ్చింది ఈసారి గంట తీసుకున్నా, ఆ డిస్కు పని అయిపోయినట్టే. అప్పుడు రెండో కాపీ నుంచి కొత్తది రాస్తాను. రెండు కాపీలూ చదవకపోతే ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి, ఒక డ్రైవ్ వద్దన్నది ఇంకోటి చదవడం చాలాసార్లు జరుగుతుంది.

అక్క రెండో సీడీ అలా నాలుగు డ్రైవ్‌లు తిరిగింది. నాలుగోది ఒక పాత డెస్క్‌టాప్‌లోది. తాళి కట్టే ఘట్టం రాలేదు గానీ, అప్పగింతల్లో మా నాన్న మొహం ఉన్న పదకొండు సెకన్లు వచ్చాయి. అవి ఇప్పుడు మొదటి కుప్పలో ఉన్నాయి, శ్రీకాకుళంలో ఒక డిస్కు, విజయనగరంలో ఒక డిస్కు.